గోడను కోసేయకండి
(ప్రపంచ చిత్రకళా దినోత్సవం నాడు బందరులో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకి, ఈ ఎండలో హాలు దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పడం మర్యాదే గానీ, ఎవరిదో ఒకరిది వదిలేస్తాను, రేపు బజారులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. అందుకని అందరికీ కలిపి పెట్టేశాను.

ఇవాళ ఏప్రిల్ 15. లియొనార్డో డావిన్చీ పుట్టినరోజు. చిత్రకళా దినోత్సవానికి ఈ తారీఖు పెట్టింది ఆయన కోసమే. ఆహ్వాన పత్రిక మీద మోనాలిసాని కూడా వేశారు. నన్ను పిలిచినప్పుడు మాత్రం ‘ఏదైనా మాట్లాడండి మేడమ్, చిత్రకళ గురించి అయితే చాలు’ అన్నారు. ఆ మాట పట్టుకుని లియొనార్డోని పక్కన పెడుతున్నాను. ఆయన గురించి చెప్పేవాళ్ళకి కొదవ లేదు. నేను పదిహేడో శతాబ్దంలో డచ్చి వాళ్ళు, అంటే హాలెండు దేశం వాళ్ళు, వేసుకున్న ఇంటి బొమ్మల గురించి, ఆ ఇళ్ళలోకి వచ్చే వెలుగు గురించి చెబుతాను. అది కూడా సగమే అనుకోండి. ఆ వెలుగులో పని చేసుకుంటున్న పనమ్మాయి గురించి చెప్పాలని ఎప్పటి నుంచో కడుపులో పెట్టుకుని ఉన్నాను. ఇవాళ మైకు దొరికింది.

బాబూ, ఆ తెర పక్కన ట్యూబ్‌లైటు ఒకటి ఆపేస్తావా? ఆ రెండోది కూడా. ఫ్యాన్లు కాదు నాయనా, ఫ్యాన్లు ఉంచు. ఆఁ, ఇప్పుడు కనిపిస్తోంది.

తెర మీద ఉన్నది యొహానెస్ వెర్మీర్ వేసిన బొమ్మ. ఒక పనమ్మాయి పాలు వంపుతోంది. 1660కి కాస్త అటూ ఇటూగా, డెల్ఫ్ట్ అనే ఊళ్ళో వేశాడు. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఈ తెర మీద ఆవిడ మన కన్నా పెద్దగా కనిపిస్తోంది గానీ, అసలు బొమ్మ ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. చంకలో పెట్టుకుని పట్టుకుపోవచ్చు. మా అమ్మాయి ఆమ్‌స్టల్‌వేన్‌లో ఉద్యోగం చేస్తుంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. జనం వరసలు వరసలుగా నిలబడి ఫోన్లు పైకెత్తి ఉన్నారు. ఫొటో తీసుకోవడం, పక్కకి తప్పుకోవడం. నేను తప్పుకోలేదు. వెనకాల ఎవరో ఏదో అన్నారు, నాకు వాళ్ళ భాష రాదు కాబట్టి బతికిపోయాను.

నెమ్మదిగా చూద్దాం. ఎడమ పక్క కిటికీ. చిన్న చిన్న అద్దాల కిటికీ, అందులో ఒక అద్దం పగిలి ఉంది. ఆ పగులు దగ్గర వెలుగు కొంచెం ఎక్కువగా, శుభ్రంగా వస్తోంది. కిటికీ పక్కన గోడకి ఒక అల్లిన బుట్ట, ఇత్తడి బాల్చీ వేలాడుతున్నాయి. బల్ల మీద రొట్టె ముక్కలు. ఆవిడ పాలు ఒంపుతున్నది మట్టిపాత్రలోకి. ఎండిపోయిన రొట్టెని పారేయకుండా పాలలో నానబెట్టి ఉడికించుకునే వంటకమేదో చేస్తోందని చాలామంది అంటారు. పాలు ఎక్కువైతే అది జావ అయిపోతుంది, అందుకే అంత సన్నని ధార. రొట్టె మీద చూడండి, తెల్లటి చుక్కలు చుక్కలుగా రంగు పెట్టాడు. దగ్గరికెళ్తే చుక్కలే, రెండడుగులు వెనక్కి వేస్తే రొట్టె పెచ్చు మీద మెరుపు.

ఇప్పుడు చేతులు చూడండి. చొక్కా చేతులు పైకి మడిచింది. మణికట్టు కింద చర్మం ఎర్రగా, మొరటుగా ఉంది. మడత దగ్గర తెల్లగా ఉంది. రోజూ నీళ్ళలో, చలిలో, ఎండలో ఉండే భాగం ఒకటి, గుడ్డ కింద దాగి ఉండే భాగం ఒకటి. ఒకే చేతి మీద రెండు రంగులు. ఈ తేడా చూసినవాడు పనిమనిషిని చూసినవాడే. ఆవిడ పనిని ఊహించుకుని వేసినవాడికి ఆ రెండో రంగు తట్టదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గోడ. బొమ్మలో ఎంత భాగం గోడో లెక్కేయండి. ఆవిడ వెనకాల అంతా ఉత్త గోడ. ఉత్త గోడ అన్నాను గానీ దాని మీద ఒక మేకు ఉంది, దానికి నీడ ఉంది. పీకేసిన మేకుల చిల్లులున్నాయి, కొట్టుకుపోయిన సున్నం ఉంది. కిటికీకి దగ్గరగా ఉన్న చోట గోడ చీకటిగా ఉంటుంది, ఎందుకంటే వెలుగు దాన్ని తాకకుండా ముందు నుంచి వెళ్ళిపోతుంది. కుడివైపుకి వచ్చేకొద్దీ గోడ తెల్లబడుతుంది. ఇప్పుడు ఆవిడని చూడండి. ఆవిడ ఎడమ పక్క వెలుగులో ఉంది, అక్కడ వెనక గోడ చీకటి. కుడి పక్క నీడలో ఉంది, అక్కడ వెనక గోడ వెలుగు. అందుకే ఆవిడ గోడలోంచి ముందుకి వచ్చి నిలబడినట్టుంటుంది. అది చాలనట్టు, కుడి భుజం పొడుగునా సన్నటి తెల్లగీత ఒకటి గీశాడు. వెర్మీర్ ఈ గోడ వేయడానికి వాడింది సీసపు తెలుపు, మట్టి గోధుమ, బొగ్గు నలుపు. అంతే. ఖరీదైన రంగంతా ఆవిడ తుండుగుడ్డకి పెట్టాడు. ఆ నీలం అఫ్ఘనిస్తాన్ బదక్షాన్ కొండల్లో దొరికే లాజవర్దు రాయిని నూరి తీసినది. ఆ రోజుల్లో చిత్రకారుడు కొనగలిగే రంగుల్లో మహా ఖరీదైనది. మేరీమాత వస్త్రానికి వాడే రంగుని తెచ్చి పనమ్మాయి నడుముకి చుట్టాడు.

కొలతల్లో కూడా ఇంతే నిక్కచ్చి. ఆవిడ కుడిచేతికి పైన, కాన్వాసు మీద గుండుసూది గుచ్చిన చిల్లు ఉంది. అక్కడ సూది గుచ్చి, దానికి దారం కట్టి, దారానికి సుద్ద రాసి, మన తాపీమేస్త్రీలు తాడుతో గీత కొట్టినట్టే కొట్టుకుని, కిటికీ గీతలన్నీ అటువైపు నడిపించాడు.

ఇక నా అసలు గొడవకి వస్తున్నాను. 2022లో రైక్స్‌మ్యూజియం వాళ్ళు ఈ బొమ్మని యంత్రాలతో పరీక్షించారు. రంగు పొరల కింద ఏముందో చూశారు. ఆవిడ తల వెనకాల గోడ మీద, కూజాలు వేలాడదీసుకునే చెక్క బద్ద ఒకటి మొదట వేశాడట. కింద కుడిమూల, ఇప్పుడు చిన్న చెక్కపెట్టె ఉన్నచోట, పెద్ద అల్లిక బుట్ట ఉండేదట. ఆ బుట్టలో నిప్పుల కుండ పెట్టి, పైన పసిపిల్లల గుడ్డలు ఆరబెట్టుకునేవాళ్ళు. వెర్మీర్ ఇంట్లో అలాంటి బుట్ట నిజంగానే ఉంది, ఆయన పోయాక రాసిన సామాన్ల జాబితాలో కనిపిస్తుంది. ఈ రెండూ వేసి, తర్వాత రంగు పూసి మాయం చేశాడు. ఎందుకు? గోడ కావాలి కనుక. వెలుగు పడడానికి చోటు కావాలి కనుక.

ఆయన అంత కష్టపడి ఖాళీ చేసిన గోడని మనవాళ్ళు ఏం చేస్తున్నారు? కోసేస్తున్నారు! ఒక కంపెనీ కేలండర్ నా దగ్గరుంది, పేరు చెప్పను. ఫిబ్రవరి నెలకి ఈ బొమ్మ వేశారు. గోడ పైభాగం లేదు. కుడి పక్క గోడ అసలు లేదు. నేల లేదు, ఆ చెక్కపెట్టె లేదు. ఆవిడ మొహం, కూజా, పాలు. అంతే. మేకు ఎక్కడ? పోయింది. పిల్లల చేతికిచ్చే ఒక పుస్తకంలో ఇంకా దారుణం, నడుము దగ్గరికి కోసి, కిటికీ కూడా తీసేసి, కింద ‘వెలుగునీడల అద్భుతం’ అని రాశారు. కిటికీ లేకుండా వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందండీ? ఆ పుస్తకం వాళ్ళకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ‘స్థలాభావం వల్ల’ అని వచ్చింది. స్థలాభావం! కింద సగం పేజీ ఖాళీగా ఉంది, అక్కడ పువ్వుల డిజైను వేశారు.

నా కోపం మీకు ఎక్కువ అనిపించవచ్చు. నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా పీరియడ్ సంగతి ఇక్కడున్న టీచర్లకి తెలుసు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే లెక్కల మాస్టారు తలుపు దగ్గరికొచ్చి నవ్వుతారు, మనం బయటికి వెళ్ళిపోవాలి. డ్రాయింగ్ అంటే మామిడికాయ, రామచిలక, ఆగస్టు పదిహేనుకి బోర్డు మీద జెండా. ఆ కొంచెం చోటులో నేను చెప్పిన పాఠం ఒకటే, వస్తువు గీయకండి, వస్తువు పక్కన గోడ ఎలా ఉందో గీయండి అని. సరే, అది వేరే సంగతి. అది మొదలుపెడితే మీ టీ చల్లారిపోతుంది.

ఎక్కడున్నాం? వెలుగు. ఆ హాలెండు దేశం భూగోళం మీద బాగా పైన ఉంది. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. కొవ్వొత్తి డబ్బుతో పని. ఇళ్ళు వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి, కాబట్టి వెలుగు రావాలంటే ముందు వైపు నుంచో, వెనక పెరడు నుంచో రావాలి. కిటికీ పైభాగంలో అద్దాలు, కింది భాగానికి చెక్క తలుపులు. కింది తలుపులు మూసేస్తే వెలుగు పై నుంచి మాత్రమే దిగుతుంది. ఏ పనికి ఎంత వెలుగు కావాలో చూసుకుని ఆ తలుపులు తీసేవారు, మూసేవారు. కుట్టుపని, లేసు అల్లిక, కూరలు తరగడం, ఉత్తరం చదవడం, అన్నీ కిటికీ దగ్గరే. మనవాళ్ళు ఈ బొమ్మల గురించి రాసేటప్పుడు ‘దివ్యకాంతి’, ‘అలౌకిక కాంతి’ అంటూ ఉంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అందులో అలౌకికం ఏమీ లేదు. అది పని చేసుకోవడానికి వాడుకున్న వెలుగు. సూదిలో దారం ఎక్కించడానికి కావలసిన వెలుగు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో వెర్మీర్ వేసిన లేసు అల్లే అమ్మాయి ఉంది, అరచేతి కన్నా కొంచెం పెద్ద బొమ్మ, 24.5కి 21 సెంటీమీటర్లు. ఆ పిల్ల వేళ్ళ మధ్య రెండు దారాలు స్పష్టంగా కనిపిస్తాయి, మిగతా అంతా మసక. వెర్మీర్ బొమ్మల్లో మామూలుగా వెలుగు ఎడమ నుంచి వస్తుంది, కుడిచేత్తో వేసేవాళ్ళకి తన చెయ్యి నీడ తన బొమ్మ మీద పడకుండా ఉండే ఏర్పాటు అది. ఈ లేసు అమ్మాయి బొమ్మలో మాత్రం కుడి నుంచి వస్తుంది.

తర్వాతి బొమ్మ వెయ్యి బాబూ. ఇది పీటర్ డి హోక్ వేసింది. ఆడవాళ్ళకి చూడగానే అర్థమైపోయి ఉంటుంది, నవ్వుతున్నారు. అవును, తల్లి పిల్లకి పేలు చూస్తోంది. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టింది. కుడి పక్కన ఆ చిన్న కుర్చీ ఉందే, అది చంటిపిల్లలు దొడ్డికి కూర్చునే కుర్చీ. వెనకాల గోడలోనే బీరువాలా కట్టిన పడకగూడు. కుక్క కూడా ఉంది, అది బయటికి చూస్తోంది. డి హోక్ ప్రత్యేకత ఏమిటంటే, ఒక గదిలో కూర్చోబెట్టి రెండో గదిని చూపిస్తాడు. తలుపు తీసి ఉంటుంది, అవతల గదిలో వేరే వెలుగు ఉంటుంది. ముందు గది మసకగా, వెనక గది ఎండగా. పేలు చూడడానికి కూడా వెలుగు కావాలి కదా, తల్లి ఎక్కడ కూర్చుందో గమనించండి.

ఈయన తండ్రి ఇటుక పని చేసే మేస్త్రీ, తల్లి మంత్రసాని. లండన్ నేషనల్ గ్యాలరీలో 1658లో వేసిన పెరటి బొమ్మ ఉంది, అందులో ఒక్కొక్క ఇటుకా, పెచ్చులూడిన సున్నమూ చూస్తే మేస్త్రీ కొడుకని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంకో ముక్క. ఈయన కుర్రతనంలో ఒక బట్టల వ్యాపారి దగ్గర నౌకరు. 1653 నాటి కాగితంలో ఆ మాటే రాసి ఉంది. రెండేళ్ళ తర్వాత ఆ వ్యాపారి ఆస్తి జాబితాలో డి హోక్ బొమ్మలు పదకొండు ఉన్నాయి. జీతం తీసుకుని ఇంకొకరి ఇంట్లో మసలినవాడు కాబట్టే తలుపు సందులోంచి ఇల్లు ఎలా కనిపిస్తుందో ఈయనకి తెలుసని నాకనిపిస్తుంది. రుజువు అడక్కండి, నా ఊహ.

అందరూ ఇలా గౌరవంగా వేశారనుకోకండి. నికొలాస్ మాస్ 1655లో వేసిన బొమ్మ చూడండి. పనమ్మాయి కునుకు తీస్తోంది, గిన్నెలన్నీ నేల మీద పడి ఉన్నాయి, వెనకాల పిల్లి కోడిని లాక్కుపోతోంది. ఇంటి యజమానురాలు మనవైపు తిరిగి చెయ్యి చాపి ‘చూశారా దీని సంగతి’ అన్నట్టు నవ్వుతోంది. పనివాళ్ళంటే బద్ధకస్తులు, దొంగలు, మగపిచ్చి గలవాళ్ళు అని ఎగతాళి చేసే పుస్తకాలు, నాటకాలు ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోయేవి. ఎంత పొద్దున లేచిందో ఎవరైనా అడిగారా? ముందు వరసలో కూర్చున్న అమ్మగార్లూ, నిన్న మీ ఇంట్లో పనావిడ రాకపోతే ఏమన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నేను కూడా అన్నాను లెండి.

యాన్ స్టీన్ అయితే ఇల్లంతా తలకిందులు చేసేస్తాడు. తాగుడు, పాటలు, పిల్లలు చుట్ట గొట్టాలు పీల్చడం, గుడ్డు పెంకులు నేల మీద. ఈ రోజుకీ డచ్చి వాళ్ళు చిందరవందరగా ఉన్న కొంపని యాన్ స్టీన్ ఇల్లు అంటారు. ఆయన దగ్గర ఎక్కువ సేపు ఆగను.

ఒక్క రాత్రి బొమ్మ మాత్రం చూపించి తీరాలి. యూడిత్ లైస్టర్. హార్లెమ్ ఊళ్ళో పుట్టింది. 1631లో, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసులో ఇది వేసింది, ఇప్పుడు హేగ్‌లో మారిట్స్‌హైస్ మ్యూజియంలో ఉంది. నూనె దీపం వెలుతురులో ఒక అమ్మాయి గుడ్డ కుట్టుకుంటోంది. పక్కన ఒక మగాడు వంగి, భుజం మీద చెయ్యి వేసి, అరచేతిలో డబ్బులు చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. కళ్ళు సూది మీదే. దీపం పెట్టుకున్నది తన పని కోసం, వాడి కోసం కాదు. వాడి పెద్ద నీడ వెనక గోడ మీద పడింది. ఇక్కడ కూడా గోడే చూడండి, కథంతా గోడ చెబుతుంది.

లైస్టర్ 1633కే హార్లెమ్ చిత్రకారుల సంఘంలో సభ్యురాలు, శిష్యుల్ని పెట్టుకుని నడిపింది. తన పేరులో పొడి అక్షరాలకి ఒక నక్షత్రం గీసి సంతకం చేసేది. పోయాక ఆవిడ బొమ్మలు ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడు వేసినవని అమ్ముకున్నారు. 1893లో హాఫ్‌స్టెడ డి గ్రూట్ అనే పరిశోధకుడు ఒక ‘హాల్స్’ బొమ్మ మీద ఆ నక్షత్రం సంతకం పట్టుకునే దాకా ఆవిడ లేనే లేదు. రెండు వందల ఏళ్ళ పైన! సంతకం బొమ్మ మీదే ఉంది, చూసినవాళ్ళు లేరు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. ‘బందరు గురించి రెండు మాటలు’ అని. సమయం అయిపోయిందని పంపారేమోనని భయపడ్డాను. సరే, రెండు మాటలే. డచ్చి వాళ్ళ ఈస్టిండియా కంపెనీ 1605-06 ప్రాంతంలోనే మన రేవులో దిగి గోల్కొండ సుల్తాను అనుమతితో వ్యాపారం పెట్టింది. మన వలందపాలెం వాళ్ళ పాలెమే, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి. పాలకొల్లులో, ద్రాక్షారామంలో, నాగులవంచలో కూడా వాళ్ళ కొట్లు ఉండేవి. ఆ కంపెనీని నడిపిన ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ ఒకటి. అంటే వెర్మీర్ ఊరి ఓడలు మన తీరానికి వచ్చాయి, మన అద్దకం బట్టలు వాళ్ళ ఊరికి వెళ్ళాయి. ఆ ఊళ్ళలో కలవారు ఇంట్లో తొడుక్కునే పొడుగాటి వదులు కోటు ఒకటుండేది. జపాన్ తరహాది. 1669లో వెర్మీర్ వేసిన భూగోళ శాస్త్రవేత్త అలాంటిదే వేసుకుని కిటికీ వైపు చూస్తుంటాడు. తర్వాత్తర్వాత ఆ కోటుని మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టతో కూడా కుట్టించుకున్నారు. పాలు వంపే పనమ్మాయి ఒంటి మీద ఉన్నది మాత్రం మనది కాదు, మొరటు ఉన్ని. మన బట్ట ఆవిడకి అందే ధరలో లేదు. ఆ బట్ట అద్దినవాళ్ళ బొమ్మ ఎవరూ వేయలేదు. రెండు మాటలయ్యాయి.

ఇప్పుడు వెర్మీర్ ఇంటి పనమ్మాయి తనెకె గురించి. ఇందాకటి నుంచి అన్నీ దీనికోసమే చెబుతున్నాను.

వెర్మీర్ బొమ్మలు చూసి ఆయన ఇల్లు ప్రశాంతంగా ఉండేదనుకుంటారు. ఒక అమ్మాయి, ఒక కిటికీ, ఒక ఉత్తరం. ఆ ఇంటి సంగతి వినండి. వెర్మీర్ ఉన్నది అత్తగారింట్లో, ఆవిడ పేరు మరియా తిన్స్. భార్య కాథరీనా. వాళ్ళకి పదిహేను మంది పిల్లలు పుట్టారు, ఆయన పోయేనాటికి పదకొండు మంది బతికున్నారు. పదకొండు మంది! ఇంట్లో వేసిన ఏ బొమ్మలోనైనా పిల్లాడు కనిపించాడా? లేదు. వీధి బొమ్మలో మాత్రం ఇద్దరు పిల్లలు అరుగు ముందు ఆడుకుంటూ ఉంటారు, అది కూడా వీపులు కనిపించేట్టు. నిప్పుల బుట్ట వేసి చెరిపేశాడని చెప్పానా, ఇప్పుడు ఆ బుట్ట ఎవరి గుడ్డలకో తెలిసిందా?

ఆ ఇంటికి ఇంకో పీడ ఉంది. కాథరీనా అన్నదమ్ముడు విల్లెం. పని లేదు, ఒళ్ళంతా కోపం. తల్లి మీదికి కత్తి దూసేవాడు. ఇంటి ముందు జనం పోగయ్యేలా తిట్టేవాడు. నిండు గర్భిణిగా ఉన్న కాథరీనా మీదికి కొసన ఇనుప మేకు ఉన్న కర్రతో వచ్చాడు. ఇదంతా మనకి ఎలా తెలుసు? 1666లో నోటరీ ముందు సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఆ ఇంటి పనమ్మాయి ఉంది. తనెకె ఎవర్‌పూల్. ఆ కర్రకి అడ్డుపడింది తనే. కాథరీనాని, కడుపులో బిడ్డని కాపాడింది తనే.

ఈ కాగితాలు మూడు వందల ఏళ్ళు డెల్ఫ్ట్ దస్త్రాల్లో పడి ఉన్నాయి. యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రం చెప్పే జాన్ మైఖేల్ మాంటియాస్ అనే ఆయన డచ్చి భాష నేర్చుకుని, ఆ పాత చేతిరాతలు చదవడం నేర్చుకుని, వెర్మీర్ కుటుంబం గురించిన కాగితాలు వెలికితీశాడు. కళా విమర్శకుడు కాదు, ఆర్థికవేత్త. అప్పులు, వాటాలు, సాక్ష్యాలు చదివే అలవాటున్న మనిషికి పనమ్మాయి కనిపించింది.

పాలు వంపుతున్నది తనెకేనా? అలా అనేవాళ్ళున్నారు. రుజువు లేదు. నాకు ఆ రుజువు అక్కర్లేదు కూడా. ఆవిడ కాకపోతే ఆవిడ లాంటిది. నాకు కావలసింది ఏమిటంటే, ఆ ఇంట్లో రోజూ కిటికీ తలుపులు తెరిచిన చెయ్యి ఒకటి ఉంది, అద్దాలు తుడిచిన చెయ్యి ఒకటి ఉంది, పదకొండు మంది పిల్లల అల్లరిని ఆయన బొమ్మలు వేసే పై గదిలోకి రానివ్వకుండా ఆపిన మనిషి ఒకరున్నారు, కర్ర పట్టుకుని వచ్చినవాడిని ఆపిన మనిషి ఉన్నారు. వెర్మీర్ వెలుగు వెర్మీర్ వెలుగు అంటామే, ఆ వెలుగు ఆయన బల్ల దాకా శుభ్రంగా చేరడానికి కింద ఎవరో పనిచేశారు. ఆయనకి అది తెలుసని ఈ బొమ్మ చెబుతోంది. యజమానురాళ్ళకి ముత్యాలు పెట్టాడు, సాటిన్ గౌన్లు వేశాడు. పనమ్మాయికి గోడ మొత్తం ఇచ్చాడు.

అమ్ముడుపోవడంలో కూడా ఆవిడ తక్కువేం కాదు. 1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో ఇరవై ఒక్క వెర్మీర్ బొమ్మలు అమ్మారు. డెల్ఫ్ట్ ఊరి దృశ్యం 200 గిల్డర్లకి, అంటే ఆనాటి డచ్చి నాణేలకి, పోయింది. దాని తర్వాత ఎక్కువ ధర పలికింది ఈ పాలు వంపే పనమ్మాయి, 175 గిల్డర్లు. నగలు పెట్టుకున్నవాళ్ళందరూ ఆవిడ వెనకే.

వెర్మీర్ అది చూడలేదు. 1672లో ఫ్రాన్సు రాజు దండెత్తాడు, బొమ్మలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. 1675 డిసెంబరులో నలభై మూడేళ్ళకే పోయాడు. ఒకటిన్నర రోజులో ఆరోగ్యంగా ఉన్న మనిషి చచ్చిపోయాడని భార్య అర్జీలో రాసుకుంది. రొట్టెల దుకాణం బాకీ 617 గిల్డర్లు ఉంటే ఆ బాకీ కింద రెండు బొమ్మలు ఇచ్చుకుంది. 617 గిల్డర్ల రొట్టె! అంత మంది పిల్లలకి మరి. బొమ్మలో ఎండిపోయిన రొట్టె ముక్కల్ని కూడా ఎందుకు పారేయడం లేదో ఇప్పుడు తెలుస్తోందా?

టీ వచ్చినట్టుంది, గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. ఒక్క బొమ్మ, ఐదు నిమిషాలు. ఎమాన్యుయెల్ డి విట్టె వేసింది, రోటర్‌డామ్‌లో బాయ్‌మన్స్ మ్యూజియంలో ఉంది. ముందు గదిలో ఒకావిడ వీపు మనవైపు పెట్టి వాద్యం వాయిస్తోంది. ఎడమవైపు మంచంలో ఒక మగాడు పడుకుని ఉన్నాడు, బట్టలు కుర్చీ మీద పడేశాడు. దీని మీద బోలెడు చర్చలు, ఆవిడ ఎవరు, వాడు ఎవరు, భర్తా ప్రియుడా అని. ఇప్పుడు తలుపులోంచి అవతలికి చూడండి. ఒక గది, దాని వెనక ఇంకో గది. నేల మీద కిటికీల ఆకారంలో ఎండ పలకలు పలకలుగా పడి ఉంది. ఆ చివరి గదిలో, వేలెడంత కూడా లేదు, ఒక పనమ్మాయి నేల ఊడుస్తోంది. వెనక వరసలో ఉన్నవాళ్ళకి కనిపిస్తోందా? లేదా? బాబూ, కాస్త పెద్దది చెయ్యి. కనిపించిందా? ఈ బొమ్మ మన దగ్గర పుస్తకాల్లో వేస్తే ఆ మనిషి అచ్చులో మట్టిమరకలా ఉంటుంది, లేదా కోతలో పోతుంది.

అందుకని, ఈ సభలో ప్రెస్సు నడిపేవాళ్ళున్నారు, పత్రికలవాళ్ళున్నారు, స్కూలు గోడల మీద బొమ్మలు అంటించే టీచర్లున్నారు. మిమ్మల్ని అడిగేది ఇది. బొమ్మ వేస్తే పూర్తిగా వేయండి. చోటు లేకపోతే చిన్నదిగా వేయండి, అంతేగానీ కోయకండి. కింద ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఎక్కడ ఉందో రాయండి, సెంటీమీటర్లలో కొలత కూడా వేయండి. వచ్చే ఏడాది ఈ సభ ఆహ్వాన పత్రికకి కూడా ఇదే మాట. ఈసారి మోనాలిసాని భుజాల దగ్గర కోశారు, చేతులు లేవు. లియొనార్డో పుట్టినరోజున లియొనార్డో వేసిన చేతులు! కమిటీ వారు నవ్వుతున్నారు గానీ నేను సీరియస్‌గానే అంటున్నాను.

లైట్లు వెయ్యి బాబూ. ప్రశ్నలుంటే అడగండి, టీ తాగుతూనే చెబుతాను. ఆ కేలండర్ నా సంచిలో ఉంది, చూడాలనుకున్నవాళ్ళు ఇలా రండి.